తాళపుచెవియు, ధాన్యమును



మా యత్తగారి జమాఖర్చుల దస్త్రము కంప్యూటరులో నెచ్చట నున్నదో ప్రతిదినమును వెదకవలసివచ్చెడిది. అందుచే విండోస్ తెరపై ఖాళీచోట మౌసు కుడిమీట నొక్కి, ‘న్యూ’, పిమ్మట ‘షార్ట్‌కట్’ అనువాని నెంచి, ఆ దస్త్రమును చూపి పేరు పెట్టితిని. ఆ గుర్తుయొక్క ‘ప్రాపర్టీస్’లో ‘జె’ యక్షరమును నిలిపితిని. కంట్రోల్, ఆల్ట్, జె మీటలు కలిపి నొక్కినంతనే లెక్కలు తెరచుకొనుచుండెను.

గుర్తున్నది గదా యని యొకనాడు అసలు దస్త్రమును తొలగించితిని. మూడేండ్ల లెక్కలు తెరచుకొనక యత్తగారు కంటనీరు పెట్టిరి. రీసైకిల్ బిన్ నుండి ‘రిస్టోర్’ చేసి గండము గడిపితిని.

షార్ట్‌కట్ తాళపుచెవి వంటిది. అది పోయినను కొట్టుగదిలోని ధాన్యము పోదు. చెవిని మరల చేయించుకొనవచ్చును. ధాన్యమును పారబోసి తాళపుచెవిని దాచుకొన్న నేమి ఫలము? దేనినైనను తొలగించుటకు ముందు బొమ్మ మూలను చిన్న బాణపుగుర్తు కలదేమో చూచుకొనుడు. కలదేని యది షార్ట్‌కట్; లేనిచో చేయి వెనుకకు తీసికొనుడు.