గాలి తాగిన గొట్టం

పాత బండి ఉన్న ఇంటికి వైద్యుల కొదవ ఉండదు. నంద్యాలలో మా మేనమామగారి డీజిల్ అంబాసిడరు మొరాయించడం మొదలుపెట్టగానే వీధిలో ప్రతివాడూ ఒక మందుచీటీ రాశాడు. ఆ వైద్యుల్లో నేనూ ఒకణ్ణి. అందరికంటె ఎక్కువ ఖర్చు పెట్టించినవాణ్ణి కూడా నేనే.

జబ్బు ఇది. రాత్రంతా నిలిచిన బండి పొద్దున ఒక్క తిప్పుకే అందుకుంటుంది. అర నిమిషం చక్కగా నడుస్తుంది. ఆ తర్వాత ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోతుంది. చేతి పంపు నొక్కి నొక్కి మళ్లీ ప్రాణం పోస్తే దారి పొడుగునా పేచీ ఉండదు.

“పంపు అరిగిపోయింది మామయ్యా, విప్పించండి,” అన్నాను పెద్దమనిషి తరహాగా. విప్పించారు. నాలుగు రోజులు పట్టింది, ఎంతయిందో ఇక్కడ రాయను. అయిదో రోజు పొద్దున బండి అర నిమిషం నడిచి ఆగిపోయింది! “ఇక తూకానికి అమ్మేద్దాం నాన్నా,” అన్నాడు మా బావ. పాత ఇనుము వ్యాపారి వచ్చి బండి చుట్టూ రెండు ప్రదక్షిణలు కూడా చేసి వెళ్లాడు.

పంపును అనుమానించడం పూర్తిగా తెలివితక్కువ కాదు. ఉత్తరపారాలో 1957 నుంచి 2014 దాకా తయారైన ఆ బండికి డీజిల్ ఇంజను వచ్చింది 1980 ప్రాంతంలో. 1489 ఘనపు సెంటీమీటర్ల ఆ ఇంజనుకు ఇంజక్షన్ పంపే గుండెకాయ. అందులోని ప్లంజరుకూ దాని గూటికీ మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యోవంతులు రెండో మూడో! ఆ సందు పెరిగితే నాజిల్‌కు కావలసిన ఒత్తిడి పుట్టదు. అయితే అరిగిన పంపు లక్షణం వేరు. అది చల్లగా ఉన్నప్పుడు కాదు, బాగా వేడెక్కినప్పుడు మొండికేస్తుంది. వేడికి డీజిల్ పలచబడి సందుల్లోంచి జారిపోతుంది గదా. అలా ఆగిన బండి పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగండి. అప్పుడు అందుకుంటే పంపునే అనుమానించవచ్చు. ఈ మాట నాకు ముందే తెలిసి ఉంటే మామయ్యగారి డబ్బు మిగిలేది.

సరే, అసలు కథకు వద్దాం. ఊరి గుడికోసం ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర మామయ్య ఒక రాతి వినాయకుణ్ణి చేయించారు. తీసుకురావడానికి నేనూ, మామయ్యా, అత్తయ్యా బయలుదేరాం. ట్యాంకులో డీజిల్ పావువంతే ఉంది. సిరివెళ్ల దాటాక టీ కోసం ఆగి అరగంట కబుర్లాడి వచ్చేసరికి బండి తన పాత వేషం వేసింది.

రోడ్డు పక్క ట్రాక్టర్లు బాగుచేసే ముసలాయన ఒకడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. బానెట్ ఎత్తలేదు. “పెద్దాయనా, ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఎట్లుంటాది?” అని మాత్రం అడిగాడు.

మామయ్య నోరు తెరిచేలోగా వెనక సీట్లోంచి అత్తయ్య అంది: “నిండుగా ఉంటే ఈ పీడే లేదు నాయనా. కానీ మర్నాడు వాకిట్లో డీజిల్ కంపు కొడతాది. ఈయనకు చెప్తే వంటింట్లో కిరసనాయిలు చూసుకోమంటాడు.”

“అదే!” అన్నాడు ముసలాయన.

ట్యాంకు నుంచి ఫీడు పంపు దాకా ఉన్న గొట్టంలో డీజిల్ తోయబడదు, పీల్చబడుతుంది. అక్కడ చిల్లి పడితే బండి నడిచేటప్పుడు చుక్క బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే చూసినవాడికి అంతా పొడిగా, నిక్షేపంగా కనిపిస్తుంది. బండి ఆపగానే ఆ చిల్లిలోంచి గాలి దూరి గొట్టంలోని డీజిల్ ట్యాంకులోకి వెనక్కి జారిపోతుంది. ఫిల్టరులో మిగిలింది అర నిమిషానికి సరిపోతుంది. ట్యాంకు నిండుగా ఉంటే చిల్లి మట్టానికి డీజిల్ చేరి, గాలికి బదులు బయటికే కాస్త ఊరుతుంది. వాకిట్లో కంపు అదే.

ఆయన ఫీడు పంపు దగ్గర ఒక జానెడు తెల్లటి ప్లాస్టిక్ గొట్టం ఇరికించి ఇంజను నడిపాడు. సోడాలో మాదిరి బుడగలు! తర్వాత ఆ గొట్టాన్ని ట్యాంకు నుంచి విడదీసి డబ్బాలోని డీజిల్‌లో ముంచాడు. బుడగలు ఆగాయి. ఇక పంపూ ఫీడు పంపూ నిర్దోషులు, దోషం వెనక ఉంది. ట్యాంకు పైన అతుకుగా ఉన్న రబ్బరు ముక్క గోరుతో వంచితే చిట్లి ఉంది. కొత్త ముక్క, రెండు బిగింపులు, ఫిల్టరు మొదలుకొని గాలి వదిలించడం, అంతే.

రబ్బరుకు వయసు ఒక శత్రువు. ఇంధనం మారడం ఇంకొకటి. 2017 ఏప్రిల్‌లో దేశమంతటా డీజిల్‌లో గంధకాన్ని పదిలక్షల పాళ్లకు 50కి, 2020 ఏప్రిల్‌లో 10కి తగ్గించారు. ఊపిరితిత్తులకు అది మేలే. అయితే అంత శుద్ధి చేసిన డీజిల్‌తో పాత రబ్బరు సీళ్లు కొన్ని ముడుచుకుంటాయి. గొట్టాలు, సీళ్లు ఒకేసారి మార్పించుకోండి. కిరసనాయిలు కలిపితే గొట్టాలు శుభ్రపడతాయని చెప్పేవాళ్ల మాట వినకండి. ప్లంజరుకు డీజిలే కందెన, దాన్ని పలచన చేస్తే మీరే పంపును అరగదీసినట్టు.

ఇంజను ఒక సిలిండరు తప్పినట్టు ఊగుతుంటే మెకానిక్ ఒక్కొక్క నాజిల్ గొట్టం నట్టు కొద్దిగా వదులు చేసి చూస్తాడు. దేన్ని వదిలినా ఇంజను చప్పుడు మారకపోతే అదే పని చెయ్యని సిలిండరు. ఇది ఇంట్లో చెయ్యవద్దు. అక్కడి ఒత్తిడి వాతావరణ పీడనానికి వంద రెట్లకు పైమాట. సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. గాయం చీమకుట్టినంతే కనిపించినా వెంటనే ఆస్పత్రికి పోవాలి, ఆలస్యమైతే వేలే పోవచ్చు.

ఆళ్లగడ్డలో వినాయకుణ్ణి గోనెపట్టాల్లో చుట్టి డిక్కీలో పెట్టుకున్నాం. తిరుగు ప్రయాణంలో అత్తయ్య ముందు సీట్లో కూర్చుంది, నేను వెనక. మర్నాడు పాత ఇనుము వ్యాపారి గుమ్మంలోకి వస్తే, మామయ్య ఇంట్లో లేరని వాళ్ల మనవడి చేత చెప్పించారు. బండి మాత్రం వాకిట్లోనే ఉంది.