క్రియాజనకం చేసిన నేరమేమి?

మన పిల్లలకు రసాయనశాస్త్రం కొరకరాని కొయ్య కావడానికి తెలుగు పారిభాషిక పదాలే కారణమని విజ్ఞులు కొందరు తీర్పు చెప్పేశారు. తీర్పు సరే, విచారణ ఏదీ?

మొన్న ధర్మసాగర్‌లో మా పొరుగింటి అమ్మాయి ఒక లెక్క పట్టుకొని వచ్చింది. పదవ తరగతి. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022-23 నుండి ఆంగ్ల మాధ్యమం ప్రవేశించినది కదా, ఈ పిల్ల చదువుతున్నదీ అందులోనే. కనుక తెలుగు మాటల బెడద లేదు. 4 గ్రాముల హైడ్రోజన్, 4 గ్రాముల ఆక్సిజన్ కలిసి మండితే ఎంత నీరు వస్తుంది? "ఎనిమిది గ్రాములు తాతా" అన్నది తడుముకోకుండా. ద్రవ్యనిత్యత్వ నియమాన్ని ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పింది కూడా.

"రియాక్టెంటు అంటే ఏమిటమ్మా?"

"సారు చెప్పలే తాతా. బోర్డు మీద రాసిండు, రాసుకున్నం."

ఇందులో తెలుగు చేసిన నేరమేమి?

నేను తెలుగు పండితుణ్ణి, రసాయనశాస్త్రవేత్తను కాను. ఎడ్లబండితో మొదలుపెట్టాను. బండికి రెండు చక్రాలు, ఒక కాడి. ఎనిమిది చక్రాలుండి కాడి ఒక్కటే ఉంటే కట్టగలిగేది ఒక్క బండినే. తక్కిన ఆరు చక్రాలూ కొట్టంలో పడి ఉండవలసిందే. నీటి అణువుకు రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు. వాటిని చేతితో లెక్కించలేము గనుక తూచి లెక్కిస్తాము. ఆక్సిజన్ పరమాణువు హైడ్రోజన్ పరమాణువుకు సుమారు 16 రెట్లు బరువు. కాబట్టి 16 గ్రాముల ఆక్సిజన్‌కు 2 గ్రాముల హైడ్రోజన్ సరిజోడు. 4 గ్రాములకు అర గ్రాము చాలు. పుట్టిన నీరు నాలుగున్నర గ్రాములు, మిగిలిన హైడ్రోజన్ మూడున్నర. పిల్ల కాగితం లాక్కొని రెండూ కూడింది. ఎనిమిదే! నియమం నిలిచింది, జవాబు మారింది.

అప్పుడు మాట విప్పాను. క్రియాజనకం, క్రియలో జన్మనిచ్చేది. క్రియాజన్యం, క్రియ వలన పుట్టేది. జనకుడంటే తండ్రి అని ఎరిగిన పిల్లకు ఈ రెండూ తారుమారు కావు. ద్రావణి కరిగించేది, ద్రావితం కరిగింపబడినది; లిఖితం, పఠితం తెలిసినవారికి ఇందులో కష్టమెక్కడ? అయితే నిందలో మా పండితులకూ వాటా ఉన్నది. సమాసాలకు తరతరాలుగా అవే ఉదాహరణలు వల్లించాము. పక్క పీరియడులోని క్రియాజన్యానికి విగ్రహవాక్యం చెప్పిన పాపాన పోలేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేనూ పోలేదు.

సంస్కృత పదం కనబడితే చాలు చేతులు జోడించే మిత్రులకూ ఒక మాట. ఆమ్లజని అంటే ఆమ్లాన్ని పుట్టించేది. ఆమ్లాలన్నింటికీ అదే మూలమని లెవోయిజర్ భ్రమించి పెట్టిన పేరుకు ఇది అనువాదం. 1810లో హంఫ్రీ డేవీ క్లోరిన్ ఒక మూలకమని ప్రకటించాడు. ఉదజహరికామ్లంలో ఆమ్లజని లేశమైనా లేదని తేలిపోయింది. ఆక్సిజన్ అనే మాటలోనూ అదే పొరపాటున్నది. కాని గ్రీకు ఎరుగని మనకు అక్కడ కనబడదు, తెలుగులో కనబడుతుంది. ఆమ్లం గురించి పాఠం ఆరంభించడానికి ఇంతకంటే మంచి చోటు ఉంటే చెప్పండి.

వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల, "కాండ్లు ఎక్కువై చక్రాలు తక్కువైతే తాతా?" అని అడిగింది. 1 గ్రాము హైడ్రోజన్, 32 గ్రాముల ఆక్సిజన్ ఇచ్చి పంపాను. పారిభాషిక పదాలను తిట్టిపోసే మిత్రులు కూడా, తీరిక చేసుకొని, తమకు నచ్చిన భాషలోనే చేసి చూడవచ్చు.