కారు విలాసం కాదు, కొందరికి కాలు

కార్మికుల పత్రికలో కారును గురించిన వ్యాసమేమిటని కొందరు సోదరులు ప్రశ్నింపవచ్చును. కరువు భత్యం, పింఛను, ఖాళీల భర్తీ, క్వార్టర్ల మరమ్మత్తులు మొదలైన సమస్యలు ఇన్ని ఉండగా ధనికుల వాహనం మన కెందుకని వారి అభిప్రాయం. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని దానికి సమాధానం మన వర్క్‌షాపులలోను, యార్డులలోను, తపాలా కార్యాలయాలలోను మన కళ్ల యెదుటనే తిరుగుచున్నది. తిరుగలేక గోడ పట్టుకొని నిలబడుచున్నది.

రైల్వే, తపాలా కొలువులు శరీరాన్ని అరగదీసే కొలువులు. నిన్నటి వరకు గ్యాంగ్‌మన్ అని, నేడు ట్రాక్ మెయింటెయినర్ అని పిలువబడే కార్మికుడు పనిముట్లు భుజాన వేసుకొని కంకర రాళ్లపై ఏండ్ల తరబడి నడచును. పాయింట్స్‌మన్ రాత్రివేళ బండ్ల మధ్య దూరి కప్లింగ్ వేయును. పోస్టుమాన్ సంచీతో మెట్లెక్కి దిగును. ఆర్.ఎం.ఎస్. సార్టరు నిలువుకాళ్లపై రాత్రంతా పని చేయును. ఏబది ఏండ్లు దాటునప్పటికి ఇందులో ఎందరి మోకాళ్లు చెక్కు చెదరకుండా ఉండునో మనకు తెలియని విషయం కాదు. వీరికి తోడు పోలియో వలన బాల్యముననే కాలు చచ్చుబడి, రిజర్వేషను ద్వారా ఉద్యోగంలో చేరిన సోదర సోదరీమణులు ఉన్నారు. పనిలో ప్రమాదం జరిగి కాలో చేయో పోగొట్టుకొన్నవారు ఉన్నారు.

ఇట్టివారిని ఉద్యోగం నుండి తొలగింపరాదని చట్టం స్పష్టంగా చెప్పినది. 1995 నాటి చట్టంలోని 47వ సెక్షను, దాని స్థానంలో వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 20వ సెక్షను ఈ రక్షణ కల్పించినవి. చేయుచున్న పనికి అనర్హుడైన ఉద్యోగిని అదే వేతన స్కేలుతో, అవే సర్వీసు సౌకర్యాలతో వేరొక పోస్టులోకి మార్చవలెను. మంచిదే. కుర్చీ ఇచ్చినారు. కాని ఆ కుర్చీ వరకు చేరుట యెట్లు? ఇదియే నేటి మన ప్రశ్న.

మే మెరిగిన ఒక సోదరుని అనుభవం ఇక్కడ చెప్పుట అవసరం. అతడు ఖరగ్‌పూర్‌లో మూడు తరాలుగా స్థిరపడిన తెలుగు రైల్వే కుటుంబానికి చెందినవాడు. షంటింగ్ పనిలో కుడికాలు మోకాలి క్రింద పోయినది. కార్యాలయంలో పని ఇచ్చినారు. కృత్రిమ కాలు, చంకకర్ర సాయంతో నడచును. కాలు ఒరసి పుండుపడిన రోజులలో మాత్రం చక్రాల కుర్చీ తప్పదు. ఆటో ఖర్చు భరింపలేక, బ్యాంకు అప్పుతో ఒక సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాడు. పొడవుగా, నున్నగా, నేలకు దగ్గరగా ఉన్న కారు. చూచినవారందరు మెచ్చుకొన్నారు. మెకానిక్ చేతితో నడిపే మీట కూడ అమర్చినాడు. తీరా చూడగా, కారులో కూర్చున్న ప్రతిసారి గోతిలోకి దిగినట్లు, లేచిన ప్రతిసారి నూతిలో నుండి పైకి వచ్చినట్లు అయినది. బరువంతా పడి, మిగిలిన ఎడమ మోకాలు వాచిపోయినది. డిక్కీలో గ్యాసు సిలిండరు ఉన్నందున చక్రాల కుర్చీకి చోటు లేదు. ఎనిమిది నెలలకు నష్టానికి అమ్ముకొన్నాడు. అప్పు మాత్రం మిగిలినది.

అతని తప్పేమి? అతనికి సలహా చెప్పినవారందరు రెండు కాళ్లు ఉన్నవారు. మైలేజీ చెప్పినారు, రంగు చెప్పినారు, తిరిగి అమ్మినచో వచ్చే ధర చెప్పినారు. సీటు ఎత్తు ఎంత అని ఒక్కరు అడుగలేదు.

కనుక కారు కొనదలచిన సోదరులకు మా మొదటి మనవి ఇది: ధర అడుగుటకు ముందు సీటు ఎత్తు చూడుడు. నిలబడిన మనిషి కొద్దిగా వెనుకకు వంగగానే పిరుదులకు సీటు అందవలెను. సీటు అంచున ప్రక్కకు తిరిగి కూర్చున్నప్పుడు రెండు పాదములు నేలకు పూర్తిగా ఆనవలెను. సీటు క్రిందికి ఉన్నచో లేచుటకు మోకాళ్లపై భారం పడును. మరీ పైకి ఉన్న జీపు వంటి బండి అయినచో ఎక్కుటయే ఒక పర్వతారోహణ. చక్రాల కుర్చీ నుండి సీటులోకి జరుగవలసినవారికి కుర్చీ ఎత్తు, సీటు ఎత్తు ఇంచుమించు సమానంగా ఉండుట ముఖ్యం. 1998లో వచ్చిన సాంట్రో, 1999లో వచ్చిన వాగన్ఆర్ వంటి నిలువెత్తు చిన్నకార్లు వృద్ధులకు, మోకాళ్ల నొప్పుల వారికి నచ్చుటకు కారణమిదియే. ఏ కంపెనీ తరపునను మేము వకాల్తా పుచ్చుకొనుట లేదు. ఆకారం యొక్క ప్రయోజనం మాత్రమే చెప్పుచున్నాము.

రెండవది తలుపు. అది ఎంత వెడల్పుగా తెరచుకొనును? తెరచినచోట గట్టిగా నిలుచునా, లేక పట్టుకొన్నవెంటనే మూసికొనునా? కొన్ని నమూనాలలో తలుపు ఇంచుమించు సమకోణం వరకు తెరచుకొనును. కాలు వంగనివారికి ఇది గొప్ప మేలు. తలుపు క్రింద గడప వంటి అంచు ఎత్తుగాను, వెడల్పుగాను ఉండరాదు. లోనికి వంగునప్పుడు పైకప్పుకు తల తగులరాదు. సీటు అంచులు ఉబ్బెత్తుగా కాక చదునుగా ఉన్నచో జరుగుట సులభం.

మూడవది డిక్కీ. మడిచిన చక్రాల కుర్చీని, లేదా చంకకర్రలను స్వయంగా తీసికొని పోయి అందులో పెట్టి చూడవలెను. గ్యాసు ఆదా అని చెప్పి సిలిండరు ఉన్న బండిని అంటగట్టుదురు. ఆ ఆదా కుర్చీని ఇంటివద్ద వదలిపెట్టించునేమో ఆలోచింపవలెను.

నాలుగవది నడిపే విధానం. ఎడమకాలు మాత్రమే బలహీనమైనవారికి క్లచ్ లేని ఆటోమేటిక్ బండి చాలును. చాలమందికి వేరే మార్పు అవసరం ఉండదు. 2014లో సెలెరియోతో మన దేశంలో చౌక ఆటోమేటిక్ గేర్లు చిన్న కార్లకు వచ్చిన తరువాత ఈ మార్గం సామాన్య ఉద్యోగికి కొంత దగ్గరైనది. అయితే ఇట్టి బండ్లు కొన్ని ఎత్తు రోడ్డుపై ఆగి బయలుదేరునప్పుడు వెనుకకు జారును. జారకుండ పట్టియుంచు ఏర్పాటు ఉన్నదో లేదో అడుగవలెను. కుడికాలు లేనివారికి రెండు దారులు కలవు: ఎడమకాలికి అందునట్లు యాక్సిలరేటరును అమర్చుట, లేక బ్రేకును యాక్సిలరేటరును ఒకే చేతి మీటకు కలుపుట. చేతిమీట వాడునపుడు స్టీరింగు ఒక్క చేతితోనే త్రిప్పవలెను గనుక పవర్ స్టీరింగు, స్టీరింగుపై బొడిపె వంటి పిడి అవసరం. తిరుగుడు సీట్లు కూడ వచ్చుచున్నవి. 2025 డిసెంబరులో వాగన్ఆర్‌కు అట్టి సీటును ప్రకటించిరి. కాని అది ప్రక్క సీటుకే గాని నడిపేవాని సీటుకు కాదు. తీసికొని పోబడే వికలాంగుని తలచుకొన్నారు. తానే నడుపుకొని పోయే వికలాంగుడు ఇంకను గుర్తుకు రాలేదు.

చివరిది, అన్నిటికంటె ముఖ్యమైనది: దుకాణపు నున్నని నేలపై ఒక్కసారి కూర్చుని చూచి తృప్తి చెందరాదు. బండిని మన క్వార్టరు ముందరికి తెప్పించి, నొప్పి ఎక్కువగా ఉన్న రోజున, సాయంత్రం డ్యూటీ దిగిన తరువాత, పదిసార్లు ఎక్కి దిగి చూడవలెను. పదవసారి కూడ ఒంటరిగా దిగగలిగినచో అది మన బండి.

ఇక ప్రభుత్వం సంగతి. వికలాంగులను దివ్యాంగులని పిలువవలెనని 2015లో ప్రధానమంత్రి సూచించినారు. పేరు మారినది. బండి ఎక్కే మెట్టు మారినదా?

న్యాయంగా చెప్పవలెనన్న, చట్టంలో మంచి మాటలు లేకపోలేదు. 2016 చట్టం 41వ సెక్షను వికలాంగుల స్వంత రాకపోకలకు రాయితీలు, వాహనాలలో మార్పులకు సహాయం కల్పించే పథకాలు రూపొందించుట ప్రభుత్వ బాధ్యత అని పేర్కొన్నది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, వికలాంగుడు తన వాహనంలో మార్పులు చేయించుకొని తరువాత రిజిస్ట్రేషను అధికారి ఆమోదం పొందవచ్చునని చేర్చినారు. 2020 అక్టోబరులో రిజిస్ట్రేషను దరఖాస్తులో దివ్యాంగుల యాజమాన్యం నమోదుకు స్థానం కల్పించినారు. వికలాంగుల కొరకు ప్రత్యేకంగా నిర్మింపబడిన వాహనాలకు జాతీయ రహదారులపై రుసుము మినహాయింపు 2008 నాటి నిబంధనలలోనే కలదు. కనుక మార్పు చేయించినవారు దానిని రిజిస్ట్రేషను పత్రంలో తప్పక నమోదు చేయించవలెను. బీమా కంపెనీకి వ్రాతపూర్వకంగా తెలుపవలెను. కాగితం లేనిచో ప్రమాద సమయంలో హక్కు ఉండదు.

కాని ఇచ్చిన చేతితోనే తీసికొనుట కూడ జరిగినది. జి.ఎస్.టి. వచ్చిన తరువాత చిన్నకారుపై పన్ను 28 శాతం, ఆపైన సెస్సు. నలుబది శాతం, అంతకు మించి అవయవ వైకల్యం గలవారికి భారీ పరిశ్రమల శాఖ ధ్రువపత్రంపై అది 18 శాతం, సెస్సు లేదు. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్నకార్లపై పన్ను అందరికి 18 శాతమే అయినది. పన్ను తగ్గుటను మేము తప్పుపట్టుట లేదు. కాని అందరితో సమానమైన పన్ను రాయితీ ఎట్లగును? కాళ్లు సరిగా ఉన్నవాని భారం తగ్గినది. కాలు లేనివానికి దక్కిన తేడా సున్నకు వచ్చినది. వికలాంగుల వాహనాలలో అమర్చే పరికరాలపై పన్నును 2021లో 5 శాతానికి తగ్గించినారు. చక్రాల కుర్చీపైనను 5 శాతమే. మీటపై ఐదు, ఆ మీట బిగించే బండిపై పదునెనిమిది! ఈ లెక్కలోని తర్కం మాకు బోధపడలేదు.

మరియొక దెబ్బ మన కేంద్ర ఉద్యోగులకు ప్రత్యేకం. పూర్వం మోటారు కారు అడ్వాన్సు, స్కూటరు అడ్వాన్సు ఉండెడివి. ఏడవ వేతన సంఘం సిఫారసుపై 2016లో వీటిని రద్దు చేసి, వడ్డీతో కూడిన అడ్వాన్సులలో గృహ నిర్మాణం, కంప్యూటరు మాత్రమే మిగిల్చినారు. బ్యాంకులు అప్పు ఇచ్చునుగదా అని వాదించినారు. నాడు మనలో చాలమంది ఈ రద్దును పెద్దగా పట్టించుకొనలేదు. ఇది మన లోపమని ఒప్పుకొనక తప్పదు. ఆరోగ్యవంతునికి పోయినది ఒక సౌకర్యం. వికలాంగునికి పోయినది పనికి వెళ్లే దారి.

వికలాంగ ఉద్యోగులకు రవాణా భత్యం రెట్టింపు ఇచ్చుచున్నామని పాలకులు చెప్పుదురు. నిజమే. 2017 జూలై ఉత్తర్వుల ప్రకారం కనీసం 2,250 రూపాయలు, దానిపై కరువు భత్యం. ఈ సొమ్ము కారు నెల వాయిదాకు ఏ మూలకు సరిపోవును? బ్రిటన్‌లో 1977లో మోటబిలిటీ అను సంస్థ ఏర్పడి, వికలాంగుని రాకపోకల భత్యాన్నే అద్దెగా తీసికొని, తగిన మార్పులు చేసిన కారును అతని చేతికి ఇచ్చు పద్ధతి నెలకొల్పినది. అదే విధానం మక్కీకి మక్కీగా ఇక్కడ పనికివచ్చునని మేము అనము. భత్యాన్ని బండిగా మార్చు దారి ఉండవచ్చునని అది నిరూపించినది.

ఒక్క అభ్యంతరం మిగిలినది. కొందరికి కార్లు ఇచ్చుటకంటె అందరికి క్రింది మెట్టు బస్సులు, స్టేషన్లలో లిఫ్టులు, ప్లాట్‌ఫారానికి పెట్టెకు మధ్య ఎడం లేని రైళ్లు కావలెనని అడుగుట కార్మికోద్యమ ధర్మం కాదా? ముమ్మాటికి ధర్మమే, ఆ కోర్కెను మనం వదలరాదు. అవిటివాడు ఎక్కలేని రైలును నడిపే మనమే దానిని ముందుగా అడుగవలెను. కాని రాత్రి రెండు గంటలకు డ్యూటీ దిగినవానికి బస్సు లేదు. పల్లె శాఖకు వెళ్లే ఉద్యోగికి లిఫ్టు ఉన్న స్టేషను లేదు. రేపటి బస్సు వచ్చువరకు నేటి మనిషి ఇంట కూర్చుండవలెనా?

కనుక మన శాఖలన్నియు తీర్మానం చేయవలసిన కోర్కెలు ఇవి. వికలాంగ ఉద్యోగులకు, ఉద్యోగంలో ఉండగా వైకల్యం పొందినవారికి వాహన అడ్వాన్సును వడ్డీ లేకుండా పునరుద్ధరింపవలెను. వారు కొనే కారుపై పన్ను 5 శాతానికి తగ్గింపవలెను. పనిలో ప్రమాదం వలన అవయవం కోల్పోయినవారి వాహన మార్పుల ఖర్చు యాజమాన్యమే భరింపవలెను. ప్రతి స్టేషను, ప్రతి ప్రధాన తపాలా కార్యాలయం ముందు గుమ్మానికి దగ్గరగా వారి బండ్లకు స్థలం కేటాయించి, అధికారుల కార్లు అందులో నిలుపకుండ చూడవలెను.

ఈ చివరి కోర్కెకు ఢిల్లీ ఉత్తర్వు రానక్కరలేదు. ప్రతి శాఖ కార్యదర్శి రేపే తన కార్యాలయం గుమ్మం ముందర నిలబడి చూడవచ్చును. అక్కడ చంకకర్రతో వచ్చే సోదరుడు ఎంత దూరం నడచుచున్నాడో అడుగులు లెక్కపెట్టి, ఆ లెక్కను తీర్మానంలో మొదటి వాక్యంగా వ్రాయుడని కోరుచున్నాము.