భూమి మనది, తిరుగుడు మనది, టులెట్ బోర్డు వాడిది

ఏ పట్నం నుంచి బయల్దేరినా పది కిలోమీటర్లు పోకముందే రోడ్డు పక్కన రంగుజెండాలు కనపడతాయి. సున్నం కొట్టిన హద్దురాళ్ళు, సిమెంటు కమాను, కమాను మీద ఏదో ఒక దేవుడి పేరుతో ‘నగర్’. నిన్నటిదాకా అక్కడ కంది పండింది. ఇవాళ గజాలు పండుతున్నాయి. ఈ పంట ఎవరి నేల మీద పండుతోంది? ఎవరి కాళ్ళు అరిగి పండుతోంది? కోతకొచ్చాక ఎవరి గాదెలో పడుతోంది? మన పల్లెల్లో, గూడేల్లో, వాడల్లో కూర్చొని ఈ ప్రశ్న వేసుకోవాల్సిన రోజులొచ్చాయి.

పెద్ద కంపెనీల సంగతి పేపర్లు రాస్తాయి. 2023 ఆగస్టులో హైదరాబాదు పక్కన కోకాపేటలో సర్కారే వేలం పెడితే ఎకరం ధర వంద కోట్లు దాటింది. అందరూ నోరు తెరుచుకుని చూశారు. మండల కేంద్రంలో పాత స్కూటరుతో మొదలుపెట్టి పదేళ్ళకల్లా నాలుగంతస్తుల మేడ లేపిన చిన్న రియల్టరు గురించి మాత్రం ఎవరూ రాయరు. మన పల్లెకు తగిలేది వాడే. వాడి వ్యాపారం రెండిటి మీద పెరుగుతుంది. ఒకటి మనుషుల్ని పెట్టుకోవడం, రెండోది అద్దెలు. ఆ రెండూ మన వీపు మీదే నిలబడి ఉన్నాయని మేమంటున్నాం.

ముందు నేల లెక్క చూడండి. ఎకరమంటే 4840 గజాలు. రోడ్లకీ, పార్కు జాగాకీ పోను అమ్మకానికి మిగిలేది మూడు వేల గజాల లోపు. రెండు వేల ఎనిమిది వందలనుకుందాం. ఎకరం ఇరవై లక్షలకు మాట్లాడుకున్నాడు, గజం ఐదు వేలకమ్మాడు. కోటీ నలభై లక్షలు! మట్టి రోడ్డుకీ, కరెంటు స్తంభాలకీ, ఆఫీసుల్లో చేతులు తడపడానికీ ఎంత పోయినా మిగిలేది తక్కువేం కాదు. పోనీ ఆ ఇరవై లక్షలైనా వాడు ముందు పెడతాడా? పెట్టడు. రెండు లక్షలు అడ్వాన్సిచ్చి ఆరు నెలల గడువుతో అగ్రిమెంటు రాయించుకుంటాడు. ఈ ఆరు నెలల్లో ప్లాట్లు కొనేవాళ్ళ దగ్గర వసూలు చేసిన డబ్బే తెచ్చి రైతు చేతిలో పెడతాడు. వాడి పెట్టుబడి ఇస్త్రీ చొక్కా, నోరు, తహసీల్దారు ఆఫీసులో అడక్కుండానే కుర్చీ వేయించే కులం.

ఇది పట్టా భూమి సంగతి. మన భూమి దగ్గరికొచ్చేసరికి లెక్క ఇంకా చవక. కోస్తాలో డి-ఫారం పట్టా అంటాం, సీమలో డీకేటీ అంటారు, తెలంగాణలో లావుణి పట్టా అంటారు. పేరేదైనా సర్కారు భూమిలేని పేదకిచ్చిన అసైన్డ్ భూమి. దాన్ని అమ్మినా కొన్నా చెల్లదని 1977 నాటి 9వ నెంబరు చట్టం చెప్పింది. అన్యాక్రాంతమైతే కలెక్టరు వెనక్కి తీసుకుని అసలు పట్టాదారుకో వారసులకో తిరిగి అప్పజెప్పొచ్చు. కొన్నవాడికి ఆరు నెలల దాకా జైలు కూడా రాసిపెట్టి ఉంది. ఇన్నేళ్ళలో ఆ జైలు చూసినవాడు మాకైతే ఒక్కడూ ఎదురుపడలేదు.

ఈ చట్టం మన భూమికి కాపలా. రియల్టరు ఆ కాపలానే బేరానికి వాడుకుంటాడు. “నీది ఎటూ రిజిస్ట్రేషన్ కాదు గదా పెద్దాయనా, నేను తప్ప ఎవడు కొంటాడు? ఇచ్చింది పుచ్చుకో” అంటాడు. పక్క చేను పట్టాదారుకి ఇరవై లక్షలు, మన ముసలాయనకి రెండో మూడో. నోటరీ కాగితం మీద వేలిముద్ర. తర్వాత వాడికున్న పలుకుబడితో ఆ సర్వే నెంబరు నిషేధ జాబితాలోంచి ఎట్లా మాయమవుతుందో దేవుడికే తెలియాలి. 2006లో కోనేరు రంగారావు కమిటీ అసైన్డ్ భూములు పేదల చేతుల్లోంచి జారిపోతున్న తీరంతా విని సర్కారుకి నివేదిక ఇచ్చింది. 2015 నాటి అమరావతి ల్యాండ్ పూలింగులో కూడా పట్టా రైతుకన్నా అసైన్డ్ రైతుకి తక్కువ గజాలే రాశారు. ఒకే గట్టుకి ఇటూ అటూ ఉన్న మట్టికి రెండు ధరలు! మట్టికి కూడా కులం అంటించారన్నమాట.

2023లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టం మార్చారు. పట్టా ఇచ్చి ఇరవై ఏళ్ళు దాటితే అసలు పట్టాదారు గానీ వారసులు గానీ అమ్ముకోవచ్చన్నారు. 2024లో సర్కారు మారాక అట్లా విడిపించిన భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. తెలంగాణలో నిషేధం అట్లాగే ఉంది. అమ్ముకునే హక్కు మనకి వద్దని మేమనం. ఊళ్ళో అందరికీ ఉన్న హక్కు మనకెందుకు వద్దు? కానీ ఇరవయ్యో ఏడు నిండకముందే ఎవడి జేబులో ఎన్ని వేలిముద్రలు చేరాయో చూడకుండా ‘హక్కొచ్చింది’ అని చప్పట్లు కొట్టడం ఎవరికి లాభం?

ఇక మనుషుల్ని పెట్టుకునే సంగతి. ఇది జాగ్రత్తగా వినాలి తమ్ముళ్ళూ, ఇందులో ఉన్నది మీరే.

రియల్టరు మన పల్లెలోకి నేరుగా రాలేడు. వచ్చినా ఎవరూ నమ్మరు. అందుకని డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న మన కుర్రాణ్ణి పట్టుకుంటాడు. మెడకి టై కట్టిస్తాడు. ‘మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్’ అని కార్డు కొట్టిస్తాడు. నీ కింద నలుగుర్ని చేర్చు, టీం లీడరువి. వాళ్ళ కింద పదహారు మందిని చేర్చు, డైరెక్టరువి. ఇరవై నాలుగేళ్ళకే డైరెక్టరు! అమ్మ మురిసిపోతుంది. జీతమెంత? జీతం లేదు. పెట్రోలు సొంతం, ఫోను సొంతం, కస్టమరుకి తాగించే కూల్‌డ్రింకు సొంతం. అమ్మితే కమీషను, అమ్మకపోతే ఆదివారం మీటింగులో అందరి ముందూ నిలబెట్టి తిట్టడం. వెనకటి పాలేరుకి ఏడాదికింత గింజలని మాటైనా ఉండేది. ఈ టై కట్టిన పాలేరుకి అది కూడా లేదు.

ఆ కుర్రాడు ముందు ఎవరికి అమ్ముతాడు? రోడ్డు మీద పోయే కోమటికా, కమ్మకా, రెడ్డికా? సొంత మేనమామకి. ఆర్టీసీలో కండక్టరు చేస్తున్న బాబాయికి. రిటైరైన అటెండరు పెదనాన్నకి. దుబాయిలో ఇళ్ళు ఊడ్చి వచ్చిన అక్కకి. రిజర్వేషన్ పుణ్యమా అని రెండు తరాలుగా మన వాడల్లో పోగైన చిల్లర పొదుపంతా ఆ కుర్రాడి మాట మీద కదిలి రియల్టరు జేబులోకి పోతుంది. వాడు కొనుక్కునేది ఆ కుర్రాడి మీద మనవాళ్ళకున్న నమ్మకం. దానికి కమీషనెంతో తెలుసా? గజానికి వందో రెండొందలో, అదీ ప్లాటు డబ్బంతా వసూలయ్యాక.

రేపు ఆ వెంచరుకి అనుమతి లేదని తేలుతుంది, లేదా సగం సర్వే నెంబర్లు నిషేధ జాబితాలో ఉన్నాయని రిజిస్ట్రారు కాగితాలు తిప్పి కొడతాడు. రియల్టరు ఆఫీసు బోర్డు మారుస్తాడు. అప్పుడు కండక్టరు బాబాయి పట్టుకునేది ఎవరి కాలరు? తన ఇంటి గుమ్మంలో కూర్చొని అన్నం తిన్న ఆ కుర్రాడి కాలరే. పెళ్ళిళ్ళకి పిలుపులు ఆగిపోయిన ఇళ్ళు, ఊరొదిలి హైదరాబాదు పారిపోయి సెక్యూరిటీ గార్డులైన ‘డైరెక్టర్లు’ మాకు తెలుసు.

చట్టం ఇక్కడ కూడా కుర్రాడి మీదికే వస్తుంది. 2016లో వచ్చిన రెరా చట్టం ప్రకారం ప్లానింగ్ పరిధిలో 500 చదరపు మీటర్లు, అంటే సుమారు ఆరొందల గజాలు దాటిన వెంచరుకి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటుకి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. లేకుండా అమ్మితే ఏజెంటుకి రోజుకి పదివేల చొప్పున జరిమానా పడొచ్చు. ఈ ముక్క ఏ ఆదివారం మీటింగులోనైనా చెప్పారా? చెప్పరు. కుర్రాడి పేరు ఏ రిజిస్టరులో ఉన్నా, వాడు పనివాడని ఒప్పుకోవాల్సి వస్తుంది గదా.

మిగిలిన డబ్బు ఎక్కడికి పోయిందో చూద్దాం. కాలేజీ దగ్గరో బస్టాండు వెనకో స్థలం కొని నాలుగు పోర్షన్లు వేస్తాడు, పైన హాస్టలు గదులు. బ్యాంకు అప్పు తెచ్చి కడతాడు. అద్దెకున్నవాళ్ళు నెలనెలా కట్టే అద్దెతోనే వాయిదాలు తీరతాయి. అప్పు తీర్చింది అద్దెకున్నవాళ్ళు, ఇల్లు మాత్రం ఓనరుది. అదే ఇంటిని మళ్ళీ తాకట్టు పెట్టి ఇంకో ఊళ్ళో ఇంకో పదెకరాలకి అడ్వాన్సిస్తాడు. చిన్న రియల్టరు పెద్ద రియల్టరయ్యే రహస్యం ఇంతే. అద్దె డబ్బు వెళ్ళి భూమిని పట్టుకొస్తుంది, భూమి డబ్బు వెళ్ళి ఇంకో అంతస్తు లేపుతుంది. మన డి-ఫారం పట్టాకి ఏ బ్యాంకు మేనేజరు దగ్గర ఈ మర్యాద ఉంది?

ఆ ఇంటి గేటుకి టులెట్ బోర్డు వేలాడుతుంది. మన నర్సమ్మ, మన టీచరు, ఇంజనీరింగు చదివే మన పిల్ల వెళ్ళి గేటు తడతారు. ‘మీరేమిటోళ్ళు?’ అని మొహం మీద అడిగే రోజులు కొంత తగ్గాయి. ఇప్పుడు చదువుకున్న ప్రశ్నలొచ్చాయి. ఇంటిపేరేంటి? ఊళ్ళో మీ ఇల్లు ఎటువైపు? ఏ చర్చికి వెళ్తారు? నీచు వండుతారా? మా అత్తగారికి కాస్త పట్టింపులండీ. చివరికి ‘నిన్ననే ఎవరో అడ్వాన్సిచ్చి వెళ్ళారు’. బోర్డు మాత్రం ఇంకో నెల అక్కడే వేలాడుతుంది. భూమి తీసుకున్నప్పుడు మన వేలిముద్ర వాడికి మైల కాలేదు. మన పెదనాన్న పింఛను డబ్బు మైల కాలేదు. మన పొయ్యి మీది కూర వాసన ఒక్కటే మైలైంది!

1917లో బాబాసాహెబ్ అంబేద్కర్ అంతటివాడు కొలంబియాలో, లండన్‌లో చదివి బరోడా సంస్థానంలో కొలువుకి వస్తే ఊరంతటిలో అద్దె గది దొరకలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరు చెప్పి ఉండాల్సి వచ్చింది. పదకొండో రోజు కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. ఆయనే రాసుకున్నాడు. వందేళ్ళు దాటినా మన పిల్లలు పేరు దాచుకునే గదులు వెతుక్కుంటున్నారు. 2012లో సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీలో, చుట్టుపక్కల పట్టణాల్లో పరీక్ష పెట్టి చూస్తే దళితులకీ ముస్లింలకీ ఇల్లు లేదనడమే ఎక్కువని తేలింది. అంటరానితనం పాటించి నివాసం దొరక్కుండా అడ్డుకోవడం 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం నాలుగో సెక్షన్ కింద నేరం. కానీ ‘ఎవరో అడ్వాన్సిచ్చారు’ అనే అబద్ధాన్ని ఏ ఎస్సై ఎఫ్ఐఆర్‌లో రాస్తాడు?

ఆ మేడలో మనవాళ్ళకి ఒక్క చోటు మాత్రం తప్పకుండా దొరుకుతుంది. మెట్ల కింద, నీళ్ళ మోటారు పక్కన. వాచ్‌మన్ గది. మొగుడు రాత్రి కాపలా, భార్య నాలుగంతస్తులు ఊడ్చి ముగ్గులు పెట్టాలి, పిల్లలు ఓనరు ఇంటికి పాలు, కూరలు తేవాలి. ‘గది ఊరికే ఇచ్చాం గదా’ అని జీతం సగం చేస్తారు. ఇద్దరు మనుషుల పని, ఒకడికి సగం జీతం, అద్దె పేరుతో మిగతా కోత. వెట్టి చావిడి దగ్గర్నుంచి అపార్టుమెంటు సెల్లారుకి మారింది.

ఇదంతా విని మనలోనే కొందరు పెద్దలు అంటున్నారు: “ఎంతకాలం ఏడుస్తాం? మనమూ వ్యాపారం చెయ్యాలి. పది గజాలు కొనాలి, పదిమందిని పెట్టుకోవాలి, గదులు కట్టి అద్దెకివ్వాలి.” దళిత పారిశ్రామికవేత్తలు 2005లో సొంత ఛాంబర్ పెట్టుకున్నారు కూడా. మేం కాదంటామా? తలదాచుకునే జాగా ఎంత బలమో మనకి తెలుసు. 1985 జులైలో కారంచేడు నరమేధం తర్వాత మాదిగలు ఊరికి తిరిగిపోకుండా చీరాలలో నిలబడ్డారంటే అక్కడ కాలనీ సాధించుకున్నారు గనకనే. జిల్లా కేంద్రంలో మనవాడి ఇల్లొకటి ఉంటే ఎంతమంది మన ఆడపిల్లలు పేరు దాచుకోకుండా చదువుకుంటారు! కట్టండి. అద్దె తీసుకోండి, న్యాయంగా తీసుకోండి.

కానీ మనవాడే టై కట్టుకొని తన సొంత వాడలో ముసలమ్మ వేలిముద్రలు పోగుచేస్తే వాణ్ణి ‘మనవాడు’ అని మేం పిలవం. ఇట్లాంటివాళ్ళు నాలుగు జిల్లాల్లో తయారయ్యారు. జయంతికి దండ వేస్తాడు, మర్నాడు అసైన్డ్ భూమికి రాళ్ళు పాతిస్తాడు. వాడు పెట్టుకున్న కుర్రాళ్ళకి జీతం లేదు, వాడి వాచ్‌మన్‌కీ మెట్ల కింద గదే. మాల ఓనరు మాదిగకి, మాదిగ ఓనరు మాలకి ‘నిన్ననే అడ్వాన్సిచ్చారు’ అంటున్న చోట్లు కూడా మాకు తెలుసు. సిగ్గుచేటు! దీన్ని వ్యాపారంలో ఎదగడం అంటే మేం ఒప్పుకోం.

సంఘాల్లో పనిచేసే అన్నలు, అక్కలు వెంటనే చెయ్యాల్సిన పనులున్నాయి. పల్లెలో అసైన్డ్ పట్టాలన్నిటి సర్వే నెంబర్లూ ఒక నోటు పుస్తకంలో ఎక్కించండి. సబ్ రిజిస్ట్రారు దగ్గర 22-ఎ నిషేధ జాబితాతో పోల్చండి. జాబితాలో ఉండాల్సింది మాయమైతే కలెక్టరుకి అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. బెదిరించి భూమి లాక్కుంటే అది బేరం కాదు, 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం, కేసు ఆ చట్టం కిందే పెట్టించండి. ఏజెంటు పనికి వెళ్ళే తమ్ముళ్ళు ముందు మూడు కాగితాలు అడగాలి: వెంచరు రెరా నెంబరు, తన పేరుతో ఏజెంటు రిజిస్ట్రేషన్, నెల జీతం ఇంత అని రాసిన ఉత్తరం. ఇవ్వనంటే ఆ కార్డు అక్కడే చించి రండి. ప్లాటు కొనే ఉద్యోగులు ఈసీ తీయించకుండా, లేఅవుట్ అనుమతి కాగితం చూడకుండా పైసా ఇవ్వొద్దు. అమ్మేది మేనల్లుడైనా సరే.

మీ మండలంలో ఏ ఊరి అసైన్డ్ భూమిలో హద్దురాళ్ళు పడ్డాయి, ఎకరానికెంత చేతిలో పెట్టారు, ఏజెంట్లుగా మనవాళ్ళు ఎంతమంది తిరుగుతున్నారు, వాళ్ళకి ఎన్ని నెలల కమీషను బాకీ ఉంది, ఎక్కడ టులెట్ బోర్డు కింద మనవాళ్ళని వెనక్కి పంపారు, ఇవన్నీ సర్వే నెంబర్లతో, తేదీలతో రాసి పంపండి. కాగితాల నకళ్ళు ఉంటే జత చెయ్యండి. వచ్చే సంచిక నుంచి ఊరి పేర్లతో అచ్చేస్తాం.