గేదె పొట్టకు గడ్డి ఏది?

భూమిలేని కూలీ ఇంట పాడిగేదే ఆస్తి. పనుల్లేని రోజుల్లో పొయ్యి వెలిగించేది పాలడబ్బే. మరి ఆ గేదె ఎండుగడ్డి తిని పాలెలా ఇస్తుంది? ఇది చదువుకున్నవాళ్ల వ్యవహారమని వదిలేయరాదు. కూలీ బతుకు ఇందులో ముడిపడి ఉంది.

గేదె పొట్టలో నాలుగు అరలుంటాయి. మొదటిది పెద్దపొట్ట; శాస్త్రజ్ఞులు రూమెన్ అంటారు. గాలి చొరని ఆ వెచ్చని గాబులో, ఒక్క చుక్క రసంలోనే కోట్లకొద్దీ బాక్టీరియా ఉంటాయి. గడ్డిలోని పీచు నిజానికి చక్కెరల గొలుసు. దాన్ని మనిషీ అరిగించుకోలేడు, గేదే సొంతంగా అరిగించుకోలేదు. బాక్టీరియా ఆ గొలుసును తెంచి, వచ్చిన చక్కెరను పులియబెడతాయి. తమకు కావలసిన శక్తి తీసుకొని అసిటిక్, ప్రొపియోనిక్, బ్యూటిరిక్ ఆమ్లాలను వదులుతాయి. గేదెకు అందే శక్తిలో సుమారు 70 శాతం ఈ ఆమ్లాలదే. ప్రొపియోనిక్ ఆమ్లం కాలేయంలో మళ్లీ చక్కెరవుతుంది. పాలకు తీపి దాని చలవే. పీచు తింటే అసిటిక్ ఆమ్లం ఎక్కువగా వస్తుంది. పొదుగులో వెన్నకు ముఖ్యమైన ముడిసరుకు అదే. పాలకేంద్రంలో వెన్న శాతం చూసే కదా ధర కట్టేది! గడ్డి తగ్గితే ధరా తగ్గుతుంది.

గడ్డి దొరక్క బియ్యమో, నూకలో, మిగిలిన అన్నమో ఒక్కసారే ఎక్కువగా పెడితే? పిండిపదార్థం చకచకా చక్కెరవుతుంది. స్ట్రెప్టోకోకస్ బోవిస్ వంటి బాక్టీరియా విజృంభించి లాక్టిక్ ఆమ్లం నింపేస్తాయి. ఆ పులుపుకి పీచును అరిగించే బాక్టీరియా చస్తాయి. గేదె నెమరు మానుతుంది, పారుకుంటుంది, కూలబడుతుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణమే పోవచ్చు. పెళ్లిళ్లలో మిగిలిన అన్నం తిని పశువులు చచ్చేది ఇందుకే. గింజ ఏదైనా గడ్డితోపాటు కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. నెమరు ఆగితే వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలి.

అయితే కూలీకి బుద్ధులు చెప్పి ఊరుకుంటే చాలదు. అసలు గడ్డి ఏది? మేత పోరంబోకులు, బంచరాయిలు ఎన్నో ఊళ్లలో పెద్దల కబ్జాలో చిక్కాయి. కోతమిషన్లు వచ్చాక కోతకూలీ పోయింది, దాంతోపాటు ఇంటికొచ్చే గడ్డిమోపూ పోయింది. చాలాచోట్ల గడ్డిని పొలంలోనే తగలబెడుతున్నారు. బాక్టీరియా కూలి అడక్కుండా పనిచేస్తాయి. వాటికి ముడిసరుకే పేదవాడికి అందడం లేదు.

ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించే పథకాలు తయారు చేయాలని 2011 జనవరిలో సుప్రీంకోర్టు రాష్ట్ర ప్రభుత్వాలను ఆదేశించింది. తీర్పు కాగితం మీద గడ్డి మొలవదు. కూలీ సంఘాలు ఊరూరా మేతభూముల లెక్క తీయాలి, ఆక్రమణలు విడిపించాలి. తగలబడే గడ్డిని మోపులు కట్టించి భూమిలేని కుటుంబాలకు చౌకగా ఇవ్వాలని ప్రభుత్వాన్ని నిలదీయాలి. గడ్డి మీద హక్కు లేనివాడికి పాల మీద హక్కు దక్కదు!