ఏడేళ్లు చాలవు

మా పక్కవాటాలో ఉండే ఆవిడ మొన్న అటక మీంచి పాత సూట్‌కేసు దింపించింది. పండక్కి ఇల్లు దులుపుకుంటోందేమో అనుకున్నాను. కాదు. అందులో పెళ్లినాటి పట్టుచీరల అడుగున, కలరా ఉండల వాసన కొడుతూ, ఓ ప్లాస్టిక్ కవర్లో రెండు మార్కుల జాబితాలున్నాయి. బి.ఏ. మొదటి సంవత్సరానిది ఒకటి, రెండో సంవత్సరానిది ఒకటి. ఒక్క పేపరూ తప్పలేదు. చరిత్రలో 71 మార్కులు. మూడో ఏడు పరీక్ష ఫీజు కట్టే వేళకి సంబంధం కుదిరింది. ‘ఇంకొక్క ఏడాదేగా, పెళ్లయ్యాక రాసుకోవచ్చులే’ అన్నారట అందరూ. ఆ ‘రాసుకోవచ్చులే’కి పదహారేళ్లు నిండాయి.

“నేను రాసిన పేపర్లు ఉన్నట్టా, లేనట్టా అక్కా?” అనడిగింది. నాకూ తెలియక, కాలేజీకి వెళ్లి కనుక్కోమన్నాను. వెళ్లింది. గడువు ఎప్పుడో దాటిపోయిందనీ, చదవాలనుంటే మొదటి సంవత్సరం నుంచీ చేరాల్సిందేననీ చెప్పి పంపించారు. అంటే లేనట్టే!

చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లకి మళ్లీ దారి చూపించడం మనకేమీ కొత్త కాదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ జైలు నుంచి వచ్చాక బెనారస్ మెట్రిక్ ప్రైవేటుగా కట్టి పాసైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ., ఎం.ఏ. చేసింది. 1942లో మద్రాసులో లా పట్టా పుచ్చుకుంది. తను దాటిన దారిలోనే మరికొందరిని దాటించాలని ఆంధ్ర మహిళా సభలో ఆడవాళ్లని అదే బెనారస్ పరీక్షకి తయారుచేయించింది. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పెట్టినప్పుడు మొదటి అధ్యక్షురాలు ఆవిడే. బడి మానేసి ఇంట్లో ఉండిపోయిన పెద్దవయసు స్త్రీల కోసం ఆ బోర్డు 1958లో సంక్షిప్త కోర్సులు మొదలుపెట్టింది. ఆ తర్వాత 1982లో మన హైదరాబాద్‌లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. ఇవాళ దానికి అంబేడ్కర్ పేరుంది. ఇంటర్ సర్టిఫికెట్ లేకపోయినా అర్హత పరీక్ష ఒకటి పాసైతే డిగ్రీలో చేర్చుకున్నారు ఆ రోజుల్లో. ఎక్కడ కూర్చుని చదివావని కాదు, ఏం వచ్చో చూపించమని అడిగారన్నమాట.

నేనూ ఆ తోవన వచ్చినదాన్నే. పెద్దవాడికి మూడేళ్లప్పుడు చేరాను. ఆదివారం పొద్దున్నే కుక్కరు దించి, పిల్లాణ్ణి వాళ్ల నాయనమ్మకి అప్పజెప్పి క్లాసుకి పరుగెత్తేదాన్ని. నా పక్కన ఒక అంగన్‌వాడీ టీచరు కూర్చునేది, వెనక బెంచీలో ఒక బస్సు కండక్టరు. ఆవలింతలు మాత్రం అందరివీ ఒకటే! అర్థశాస్త్రం పేపరు ఒకటి తప్పాను. పిల్లాడికి ఆటలమ్మ పోసిన వారంలో రాసిన పరీక్ష అది. తప్పిన పేపరు ఒక్కటే మళ్లీ రాశాను, పాసైనవన్నీ నా పద్దులోనే ఉన్నాయి. ఆ వెసులుబాటే లేకపోతే ఈవేళ నా పేరు పక్కన బి.ఏ. ఉండేది కాదు.

ఇప్పుడు ఇంకా మంచి ఏర్పాట్లొచ్చాయి, కాదనను. 2021లో క్రెడిట్ల బ్యాంకు అని ఒకటి పెట్టారు. పాసైన సబ్జెక్టుల క్రెడిట్లు అందులో జమ అవుతాయి. కొంతకాలం ఆగి మళ్లీ వచ్చి, వేరే కాలేజీలోనైనా సరే, వాటిని వాడుకోవచ్చు. స్వయం అనే సర్కారీ వేదిక మీద పాఠాలు ఇంట్లోనే విని, కేంద్రానికి వెళ్లి పరీక్ష రాస్తే ఆ క్రెడిట్లూ కలుస్తాయి. ఒక సెమిస్టరులో 40 శాతం దాకా అలా తెచ్చుకోవచ్చని యు.జి.సి. నిబంధన.

అయితే బ్యాంకులో వేసిన ఈ సొమ్ముకి ఆయుష్షు ఏడేళ్లే! అందులోనూ 2021-22 నుంచి సంపాదించినవే చెల్లుతాయి. అంతకు ముందు చదువాపిన మా పక్కింటావిడ లాంటి వాళ్ల సంగతి సరేసరి, ఇవాళ ఆపే పిల్ల లెక్క చూడండి. ఇరవయ్యో ఏట పెళ్లి. ఇరవై రెండుకి ఒకరు, ఇరవై అయిదుకి ఇంకొకరు. రెండోవాళ్లు ఒకటో తరగతికి వెళ్లేసరికి తల్లికి ముప్ఫై దాటుతుంది. నాలుగు గంటల తీరిక దొరికి, పుస్తకం తీసేనాటికి క్రెడిట్లు మురిగిపోయి ఉంటాయి. ఈ ఏడేళ్ల గడువు పెట్టినవాళ్లు ఎవరి జీవితాన్ని దృష్టిలో పెట్టుకున్నారో నాకైతే బోధపడలేదు.

చదివింది పాతబడిపోతుందంటారు. కంప్యూటరు పాఠాలైతే ఒప్పుకుంటాను. కానీ మా పక్కింటావిడ 71 తెచ్చుకున్న చరిత్రలో తళ్లికోట యుద్ధం 1565లోనే జరిగింది, ఇప్పటికీ అప్పుడే జరిగింది! మరిచిపోయి ఉంటుందని అనుమానమా? ఆ పేపరు మీద ఒక పరీక్ష పెట్టండి. పాసైతే క్లాసులూ అసైన్‌మెంట్లూ లేకుండా ఆ క్రెడిట్ ఇచ్చెయ్యండి. అమెరికాలో క్లెప్ పేరుతో ఇలాంటి పరీక్షలు 1967 నుంచీ ఉన్నాయి. సొంతంగా నేర్చుకున్నవాళ్లు పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకుంటే, ఒప్పుకునే కాలేజీలు అక్కడ చాలా ఉన్నాయి. మనకూ అలాంటిది కావాలి. ప్రసవాలకీ పిల్లల పెంపకానికీ పోయిన ఏళ్లని ఆ ఏడేళ్లలోంచి మినహాయించాలి. ఉద్యోగినికి ప్రసూతి సెలవిచ్చే ప్రభుత్వాలు విద్యార్థినికి ఆ పాటి చెయ్యలేవా?

తప్పంతా యు.జి.సి. మీదకి నెట్టి మనం చేతులు కడుక్కోవడం కూడా న్యాయం కాదు. ఆఖరి సంవత్సరంలో ఉన్న పిల్లకి ముహూర్తం పెట్టేటప్పుడు శూన్యమాసం చూస్తాం, వర్జ్యం చూస్తాం. పరీక్షల తేదీలు చూసే తల్లులు ఎందరు? నేను కథలు రాసేదాన్ని కాబట్టి పెళ్లిళ్లలో నలుగురి మాటలూ చెవిన వేసుకోవడం అలవాటు. ‘పరీక్షలయ్యాక పెట్టుకుందాం’ అన్న మాట మగపిల్లవాడి తరఫున విన్నాను. ఆడపిల్ల తరఫున ఒక్కసారే విన్నాను, అదీ ఆ పిల్ల ఏడిస్తే.

మా పక్కింటావిడ మొదటి సంవత్సరంలో మళ్లీ చేరింది. పాసైన పేపర్లే తిరిగి చదువుకుంటోంది. కూతురు తొమ్మిదో తరగతి. తల్లీ కూతుళ్లు రాత్రిళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుంటున్నారు. వచ్చే ఆదివారం నుంచి క్లాసులట. ఆ పూట వంట ఎవరు చేస్తారన్నది వాళ్లింట్లో ఇంకా తేలలేదు.