దంపుడు బియ్యం చేసిన అపరాధమేమి?

దంపుడు బియ్యం రోగులకు పథ్యమే గాని పులావుకు పనికిరాదని తీర్పు చెప్పే పెద్దలతో నాకు పేచీ. కుక్కరులో పెడితే పలుకో, ముద్దో తప్పదని వారి వాదం. అపరాధం గింజదా, వండినవారి తొందరదా?

తెల్లబియ్యానికి తవుడు పొర ఉండదు గనుక నీరు చప్పున లోపలికి పోతుంది. దంపుడు గింజకు ఆ పొరే కవచం. నానబెట్టకుండా, తెల్లబియ్యపు కొలతతో, రెండు కూతలకే దింపితే పలుకు గాక మరేమవుతుంది? గంటసేపు నానబెట్టి వార్చి, నేతిలో లవంగాలు, చెక్క, ఉల్లిపాయలతో వేయించి, గ్లాసుకు రెండు గ్లాసుల నీరు పోయండి. తొలి కూత రాగానే సెగ తగ్గించి పావుగంట ఉంచండి. ఆపై వెయిటు ఎత్తకండి మహాప్రభో! ఒత్తిడి హఠాత్తుగా పడిపోతే లోపలి నీరు కుతకుతలాడి మెతుకు చిట్లుతుంది. ఆ ముద్దకు నింద మాత్రం బియ్యానికి.

మా ఆవిడకు మధుమేహం. ఏళ్ల తరబడి విందులలో ఆమె విస్తరి దగ్గర పులావు గరిటె ఆగకుండా సాగిపోయేది. మొన్న సంక్రాంతికి గుత్తివంకాయ పక్కన ఇది వడ్డించాను. కొలతకు మించి తినలేదు. “మారు అడగకుండా ఉండటమే కష్టమైందండీ” అన్నది.